కోనసీమ పెరటి వసంతము



నేటి ప్రసంగమునకు విషయము మన యింటివెనుకనే యున్నది. వసంతమునకు ముందు పెరడును సిద్ధము చేయుట సామాన్యమైన గృహకృత్యముగా తోచును. కాని కోనసీమలో ఆ కృత్యమునకు ఒక చరిత్ర కలదు. ఐరోపా ఖండమున వసంతమనగా మంచు కరగి, నేల వెచ్చబడి, విత్తు మొలకెత్తు కాలము. అచ్చటి తోటవాడు వేడికై యెదురుచూచును. మన వసంతమో, గ్రీష్మమును వెంటబెట్టుకొని వచ్చును. కావున మనవారి సన్నాహమంతయు తేమను నిలుపుకొనుటకొఱకే. గౌతమీ వసిష్ఠల నడుమ, చుట్టును నీరే యున్న సీమలో నీటికై యింత జాగ్రత్త యేల యని మీరడుగవచ్చును. దానికి సమాధానము మనవి చేసెదను.

ముందుగా శాస్త్రము. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయము కేటాయించెను. మెత్తని నేల చెట్లన్నిటికిని హితమనియు, అందు మొదట నువ్వులు చల్లి, పూచిన పిమ్మట వానిని నలిపివేయవలెననియు ఆతడు చెప్పెను. నేడు మనము పచ్చిరొట్ట యెరువనునది యిదియే కదా! చెట్టునకును చెట్టునకును 20 మూరల యెడముండుట ఉత్తమము, 16 మధ్యమము, 12 కనిష్ఠము. 16 మూరలనగా 24 అడుగులు. మన కొబ్బరితోటలలో విడుచు ఎడము దీనికి మిక్కిలి దగ్గఱ. నాటిన మొక్కకు వేసవిలో ఉదయసాయంకాలములు రెండుపూటలను నీరు పోయవలెనని కూడ ఆ గ్రంథమే విధించుచున్నది.

సరియే, ఆ రెండుపూటల నీరు ఎచ్చటినుండి వచ్చును? పూర్వము గోదావరి వరదకాలమున ఒండ్రుతో పొంగి, వేసవిలో సన్నగిల్లెడిది. 1847లో ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ఆరంభించి, 1852 నాటికి పూర్తిచేసిరి. వీణెం వీరన్నగారు ఆ పనిలో వారికి కుడిభుజమైరి. పిమ్మట గన్నవరమువద్ద వైనతేయముపై 49 కమానుల అక్విడక్టు కట్టి, రాజోలు వైపునున్న నగరము లంకకు కాలువనీటిని దాటించిరి. పాత ఆనకట్టకు బదులుగా కాటన్ పేరిటనే బారేజి 1982 నాటికి ఏర్పడెను.

కాలువతోపాటు పెరటికి క్రొత్త పంచాంగమొకటి వచ్చెను. దాళ్వా పంటకు నీరందించిన తరువాత, ఏప్రిలు మాసమున కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గట్లు బాగుచేయుట ఆచారమయ్యెను. అనగా ఉగాది వెళ్లిన కొలదిదినములకే, ఎండలు ముదురు వేళకే, నీరు ఆగును. తిథివారములు చెప్పు పంచాంగ మొకటి, లాకులవద్ద తలుపులు దింపు పంచాంగము మఱియొకటి. కోనసీమ గృహిణి రెంటిని కలిపి చదువుకొన్నది.

ఆమె చేయు పనులను గమనింపుడు. పుష్యమాఘములలో మల్లెపొదకు నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించును. అందుచేతనే చైత్రమునకు మొగ్గ తొడుగును. మాఘమున ఆనప, బీర, పొట్ల పాదులకు గోతులు త్రవ్వి, పశువులపెంటయు కట్టెబూడిదయు వేసి గింజలు పెట్టించును. ఫాల్గుణమున చెఱువు ఒండ్రును తెచ్చి కొబ్బరిమొదళ్లకు ఎగవేయింతురు. కొబ్బరి డొక్కలను పాదులలో పరచి, పైన ఎండుటాకు కప్పుదురు. అవి నీటిని పీల్చి కొంచెము కొంచెముగా విడుచును. వంటయింటి నీరు అరటిబోదెల వైపునకు మళ్లును. కాలువ కట్టునప్పటికి నేల తన పాలు నీరు త్రాగి సిద్ధముగా నుండును.

ఈ మిశ్రమమైన నాట్లలో మఱియొక వివేకము కలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమపై బడి వేయిమందికి పైగా ప్రాణములు తీసెను. లెక్కకు మించిన కొబ్బరిచెట్లు మొదలంట కూలెను. కొబ్బరిమొక్క నాటిన ఆఱేడేండ్లకు గాని కాపునకు రాదు. అరటి యేడాదికి గెల వేయును. ఆనప రెండుమాసములలో కాయ నిచ్చును. తోటకూర నెలతిరుగకమునుపే కూరకు వచ్చును. ఒక్క కొబ్బరినే నమ్మిన పెరడు ఆఱేండ్లు వేచియుండవలెను. అన్నిటిని నాటిన పెరడు నెలనాళ్లకే పొయ్యిమీదికి ఏదో యొకటి అందించును. పెద్దలు రకరకముల మొక్కలు పెట్టుట ముచ్చటకొఱకు మాత్రమే కాదు.

నేను బడిపంతులుగా నున్న కాలమున పిల్లలచేత వారి పెరటిమొక్కల పట్టికలు వ్రాయించెడివాడను. వానిలో మిరప, జామ, బొప్పాయి, బంతి తప్పక కనబడెడివి. ఇవన్నియు అమెరికా ఖండమువి. పోర్చుగీసువారు మన తీరమునకు వచ్చిన తరువాత వచ్చి చేరినవి యని చెప్పగా పిల్లలు విస్తుపోయెడివారు. అంబాజీపేట పరిశోధనాస్థానమువారు మన పొడుగుజాతి కొబ్బరిని గంగబొండముతో కలిపి గోదావరి గంగ యను రకమును తీసిరి. క్రొత్తదానిని చేర్చుకొనుట పెరటికి పరువు. ఉన్నదానిని తీసివేయుటయే దానికి నష్టము.

నేడు పెక్కు యిండ్లలో పెరడు సిమెంటుగచ్చు క్రిందికి పోవుచున్నది. నీటికి బోరున్నదిగదా యని ధీమా. సముద్రమునకు దగ్గఱగానున్న గ్రామములలో లోతునుండి తోడిన నీరు ఉప్పగిల్లుట మీలో పలువు రెఱిగినదే. నేలలో ఇంకనీయని వాననీటిని వేసవిలో నేలనుండి ఎట్లు అడుగగలము?

కావున ఈ ఫాల్గుణమున, కాలువలో నీరుండగానే, గచ్చు వేయక మిగిలిన జానెడు నేలనైనను త్రవ్వి, ఒక పాదు కట్టి, రెండు గింజలు పెట్టుడని ప్రార్థించుచున్నాను. లాకు తలుపులు మనకొఱకు ఆగవు.