పిల్లి మధుమేహం: ఇన్సులిన్ మోతాదు, షుగర్ పడిపోవడం

పిల్లికి వచ్చే షుగర్ జబ్బు చాలావరకు మనుషుల్లో నడివయసు దాటాక వచ్చే రెండో రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతింటాయి, ఉన్న ఇన్సులిన్ కూడా కొవ్వు పట్టిన ఒంట్లో సరిగా పనిచేయదు. ఎనిమిదేళ్లు దాటి, గడప దిగకుండా బరువెక్కిన మగ పిల్లుల్లో, ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాటిలో ఇది ఎక్కువ. దురదకని పదేపదే వేయించే స్టెరాయిడ్ సూదులు కూడా దీన్ని తెచ్చిపెడతాయి. అతిగా నీళ్లు తాగడం, పదేపదే మూత్రం పోయడం, కడుపునిండా తింటున్నా చిక్కిపోవడం లక్షణాలు. పన్నెండు గంటలకొకసారి ఇన్సులిన్, పిండిపదార్థం తక్కువగా ఉన్న మాంసాహారం చికిత్స. ఇంతవరకు పశువైద్యుల మధ్య పేచీ లేదు, పేచీ అంతా మోతాదు దగ్గరే. మహబూబ్‌నగర్ (పాలమూరు) లాంటి ఊళ్లో, ఇంట్లో రక్తపరీక్ష చేసేవాళ్లు లేనంతకాలం, పిల్లి షుగర్‌ను కాస్త ఎక్కువగానే ఉండనివ్వడం అశ్రద్ధ కాదు, సరైన వైద్యమే.

ఎక్కువ షుగర్, తక్కువ షుగర్ చేసే నష్టాలు ఒక తూకానివి కావు. డెసిలీటరు రక్తంలో 300 మిల్లీగ్రాముల షుగర్ ఉన్న పిల్లి నీళ్లు తాగుతూ, తూలకుండా తిరుగుతూ వారాలు గడపగలదు. అదే 60 కిందికి జారితే మెదడుకు ఇంధనం అందదు. ఆకలితో అరవడం, అడుగు తడబడడం, వణుకు, ఆపైన ఫిట్స్, స్పృహ తప్పడం గంటలోపే జరగవచ్చు. కొన్ని పిల్లుల్లో ముందస్తు గుర్తులేవీ కనిపించవు. ఈ తేడాకు ఊరి దూరం కూడా తోడవుతుంది. పాలమూరు పశువైద్యం గొర్రెలు, మేకలు, పాడి పశువుల చుట్టూ పెరిగింది, అది ఇక్కడి రైతు అవసరం కాబట్టి తప్పుపట్టలేం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం కూడా ముఖ్యంగా ఆ పశువుల కోసమే. అర్ధరాత్రి పిల్లికి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాలంటే సుమారు వంద కిలోమీటర్ల అవతలి హైదరాబాద్ వైపు చూడాల్సి వస్తుంది. కాబట్టి మామూలు బరువున్న పిల్లికి పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెట్టి, వారం గడిచేదాకా పెంచకుండా, పెంచినా అర యూనిట్ చొప్పున పెంచడమే ఇక్కడికి తగిన పద్ధతి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. షుగర్‌ను బిగించి పట్టుకుంటే చాలా పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తప్పిపోతుంది కదా, వదులుగా ఉంచి ఆ అవకాశాన్ని పోగొట్టడం న్యాయమా? రూంప్, రాండ్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో గ్లార్జిన్ అనే ఇన్సులిన్ తీసుకున్న 55 పిల్లుల్లో 64 శాతం సూది లేకుండా బతికే దశకు చేరాయి. జబ్బు బయటపడిన ఆరు నెలల్లోపే ఈ పద్ధతి మొదలైనవాటిలో ఆ లెక్క 84 శాతం. ప్రమాదకరంగా షుగర్ పడిపోయిన ఘటనలు దాదాపు లేవు. ఈ ఫలితం నిజమే. అయితే ఆ యజమానులు ఇంట్లోనే రోజుకు చాలాసార్లు రక్తం పరీక్షించి, ఆ అంకెను బట్టి మోతాదు మార్చారు. ఆ పిల్లులను కాపాడింది రక్తపరీక్ష స్ట్రిప్పులు. స్ట్రిప్పులు లేకుండా పెద్ద మోతాదును మాత్రమే అనుకరిస్తే మిగిలేది ప్రమాదమే. పైగా కోలుకుంటున్న క్లోమం సొంతంగా ఇన్సులిన్ ఇవ్వడం మొదలుపెట్టగానే నిన్నటి సరైన మోతాదు ఇవాళ అతి మోతాదవుతుంది. అంటే షుగర్ పడిపోవడం ఒక్కోసారి జబ్బు తగ్గుతోందనడానికి తొలి గుర్తు.

మోతాదు తప్పడానికి మన దగ్గర ప్రత్యేక కారణం సిరంజి. ఇక్కడి ఇన్సులిన్ సీసాల్లో చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, వాటికి ఎర్ర మూత సిరంజి. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ మాత్రం మిల్లీలీటరుకు 100 యూనిట్లు, దానికి నారింజ మూత సిరంజి. గ్లార్జిన్‌ను ఎర్ర మూత సిరంజితో ఒక గీత లాగితే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. మనిషికి అది లెక్కలోకి రాని తేడా కావచ్చు, నాలుగు కిలోల పిల్లికి ప్రాణం మీదికి రావచ్చు. చిన్న మోతాదు కొలవడానికి గ్లార్జిన్‌ను నీళ్లతో పలచన చేయడం కూడా కుదరదు, దాని పని తీరే మారిపోతుంది. అర యూనిట్ గీతలున్న సన్న సిరంజి అడిగి తెచ్చుకోవాలి. రెండో కారణం గిన్నెలో ఉంటుంది. పాలన్నం, పెరుగన్నం తిని పెరిగిన పిల్లిని ఒక్కసారిగా కోడిమాంసానికి మారిస్తే షుగర్ దానంతటదే దిగుతుంది, ఇన్సులిన్ పాత మోతాదులోనే ఉంటే కిందికి జారిపోతుంది. తిండి మార్పు మంచిదే, దాంతోపాటు మోతాదు తగ్గించే సంగతి ముందే వైద్యుడితో మాట్లాడుకోవాలి. ఇంట్లో ఇద్దరు చెరోసారి సూది వేయడం మూడో కారణం, గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే చాలు. మందు లోపలికి వెళ్లిందో చర్మం మీదే కారిపోయిందో తెలియనప్పుడు రెండోసారి వేయకూడదు. పిల్లి తినకపోయినా, కక్కినా పూర్తి మోతాదు వేయకూడదు. ఒక పూట సూది తప్పితే కొంపలు మునగవు.

ఇంట్లో పరీక్ష సామాన్యుల వల్ల కాదనేవాళ్లకు జవాబు తేలిక. షుగర్ ఉన్న పెద్దల కోసం గ్లూకోమీటర్ కొన్న ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. చెవి అంచున చిన్న పోటుతో వచ్చే చుక్క చాలు. ఆసుపత్రిలో బెదిరిన పిల్లి షుగర్ భయానికే 300 దాటవచ్చు కాబట్టి ఇంటి అంకెకే విలువ ఎక్కువ. మనుషుల మీటర్లు సాధారణంగా పిల్లి రక్తాన్ని అసలుకన్నా తక్కువగా చూపుతాయి. ఆ పొరపాటు క్షేమం వైపే ఉంటుంది. షుగర్ పడిపోయిందని తెలిస్తే, తినగలిగే పిల్లికి వెంటనే తిండి పెట్టాలి. మింగలేని స్థితిలో ఉంటే గొంతులో ఏదీ పోయకూడదు. తేనె గానీ గ్లూకోజ్ పొడి కలిపిన చిక్కటి నీళ్లు గానీ చిగుళ్లకు రాయాలి. ఫిట్స్‌లో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. లేచి కూర్చుందని ఊరుకోవద్దు, గ్లార్జిన్ పని గంటల తరబడి సాగుతుంది కాబట్టి షుగర్ మళ్లీ జారవచ్చు. తేనె రాస్తూనే వైద్యుడికి ఫోన్ చేయాలి.

షుగర్‌ను వదులుగా ఉంచడానికీ హద్దుంది. పిల్లి తిండి మానేసి, కక్కుతూ, నీరసపడితే అది రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకున్న స్థితి కావచ్చు, అప్పుడు హైదరాబాద్ ప్రయాణం ఆలస్యం చేయకూడదు. వెనక కాళ్లు మడమల మీద ఆనించి నడుస్తుంటే నరాలు దెబ్బతింటున్నట్టు, మోతాదు చాలడం లేదన్నమాట. అయితే మోతాదు పెంచేముందు మందు బాగుందో లేదో చూడాలి. నలభై డిగ్రీలు దాటే పాలమూరు ఎండల్లో, కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఇన్సులిన్ బలం తగ్గిపోతుంది. పాడైన సీసాకు తగ్గట్టు మోతాదు పెంచి, కొత్త సీసా తెచ్చాక కూడా అదే వేస్తే షుగర్ పాతాళానికి పడుతుంది. కరెంటు లేనప్పుడు పొడి డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచడం మేలు. గడ్డకట్టిన మందు మాత్రం పారేయాల్సిందే.

సూది లేని దారులూ వచ్చాయి. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి పిల్లుల కోసం అనుమతి లభించింది. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే ఈ మందులతో షుగర్ పడిపోవడం అరుదు. కానీ రక్తంలో షుగర్ మామూలుగా ఉండగానే కీటోన్లు పేరుకునే ప్రమాదం వీటికుంది. అందుకే ఇప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి వీటిని ఇవ్వకూడదని ఆ అనుమతుల్లోనే ఉంది.