లూసర్న్‌లో ఆకుమచ్చ తెగులు

లూసర్న్ పశుగ్రాసాన్ని ఆశించే సాధారణ ఆకుమచ్చకు సూడోపెజైజా మెడికాజినిస్ అనే శిలీంధ్రం కారణం. చల్లని, తేమ వాతావరణంలో కింది ఆకులపై 1 నుంచి 3 మిల్లీమీటర్ల గుండ్రని గోధుమ మచ్చలు పుడతాయి. ముదిరిన మచ్చ నడుమ ఆవగింజకన్నా చిన్న బొడిపె లేస్తుంది. అందులోంచే సిద్ధబీజాలు గాలిలోకి ఎగురుతాయి. మొక్క చావదు. అందుకే చాలామంది దీన్ని పట్టించుకోరు, అది పొరపాటు. మచ్చపడ్డ ఆకు పసుపెక్కి రాలుతుంది. మాంసకృత్తుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆకుల్లోనే ఉంటాయి కనుక పశువుకు మిగిలేది పీచు కాడే. పైగా తెగులు సోకిన ఆకుల్లో కౌమెస్ట్రాల్ పెరుగుతుంది. ఈస్ట్రోజన్‌లా పనిచేసే ఈ పదార్థం గొర్రెల చూలును దెబ్బతీయగలదు.

ధాన్యపు పైరులో మందు కొట్టి గింజ పండేదాకా ఆగవచ్చు. ఇక్కడ అమ్మేది ఆకే, కోత నెలకోసారి. మందు అవశేషం నేరుగా మేతలోకి, పాలలోకి చేరే ప్రమాదముంది. కనుక కొడవలే మేలు: ఆకు రాలకముందే కోసి, కోసినదంతా పొలం దాటించాలి, ఎందుకంటే శిలీంధ్రం రాలిన ఆకుల్లోనే బతుకుతుంది. తొందరపడి కోస్తే వేళ్లలో నిల్వలు తరిగి మోళ్లు చిగురించవన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే అది వరుసగా లేత కోతలు కోసినప్పటి మాట. ఒకసారి ముందు కోసి, తర్వాతి కోతను పూత దాకా వదిలితే వేరు కోలుకుంటుంది. ఏటా తెగులు వచ్చే చోట మాత్రం తట్టుకునే రకం, పంటమార్పిడి తప్పవు.