ఉప్పు వెల, పనిముట్టు వెల

నెల్లూరు తీరమున వెలను గూర్చిన మాట వచ్చినచో మొదట స్ఫురించునది ఉప్పు. ఇస్కపల్లి, కృష్ణపట్నము ప్రాంతముల ఉప్పు మడులను ఎఱుగనివారు ఈ సీమలో అరుదు. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పు వర్తకమును తన గుత్తకు తెచ్చుకొనెను. ఉప్పు లేనిదే పూట గడవదు గనుక వెల పెరిగినను కొనక తప్పదు. పాలకుల ధీమా అదియే. 1947లో పన్ను రద్దగువఱకు ఆ భారము పేదవాని కూటికుండపై నిలిచెను.

అందఱికిని కావలసిన వస్తువు సంగతి యిది. కొందఱికే కావలసిన వస్తువునకు వెల కట్టుటెట్లు? కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి పనిముట్లు అట్టివి. వడ్రంగికి ఉలి యెట్టిదో వారికవి అట్టివి. అయితే ఉలికి ఇనుము కావలెను. వీనికి నకలు తీయుటకు ఖర్చు దాదాపు లేదు. శ్రమయంతయు తొలి ప్రతికే. ఆ శ్రమ ఖర్చును ఎందఱిపై పంచవలెనన్నదే చిక్కు.

ఆల్టెయిర్ యంత్రము గలవారిలో పదింట ఒకరైనను తమ బేసిక్‌ను కొనలేదని 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ బహిరంగ లేఖ వ్రాసెను. 1983లో బోర్లండ్ సంస్థ వేఱు దారి పట్టెను. ఇతరులు వందల డాలర్లు అడుగుచుండగా టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకే అమ్మెను, విద్యార్థులును కొనగలిగిరి. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ తన ఈమాక్స్‌ను ఎవరైనను నకలు తీసికొనవచ్చుననుచునే, టేపుపై పంపుటకు 150 డాలర్లు పుచ్చుకొనెను.

2015లో జెట్‌బ్రెయిన్స్ సంస్థ చందా పద్ధతిని ప్రకటింపగా వాడుకరులు నిరసించిరి. చందా ఆగిననాడు చేతిలోని పనిముట్టు పోవునన్నది వారి భయము. ఏడాది చందా చెల్లించినవారికి ఒక ప్రతి శాశ్వతముగా మిగులునట్లు సంస్థ నిబంధనను సవరించెను.

నేర్వగోరువారు వేలుగా నున్నచో చౌక వెల ఫలించును. కొనువారే కొలదిమందియైనచో వెల తగ్గించినను వారు పెరుగరు. పెంచినచో నేర్చుకొనువాడు గడపలోనే ఆగును. అందుచేతనే నేడు పలువురు సంస్థలయొద్ద నిండు వెల గైకొని, విద్యార్థులకు ఉచితముగా నిచ్చుచున్నారు. ఈ పద్ధతి న్యాయమైనదని మేము తలంతుము.

1930లో సముద్రపు నీటినుండి ఉప్పు చేసికొన్నవాడు నేరస్థుడు. నేడు వెల నచ్చని ప్రోగ్రామరు మఱియొక పనిముట్టును వెదకుకొనవచ్చును, లేదా తానే చేసికొనవచ్చును. అమ్మువాని చేతిని అదుపులో నుంచునది ఈ స్వేచ్ఛయే.