శస్త్రచికిత్సకు 19 అంశాల రక్షణ

శస్త్రచికిత్స ఫలితం వైద్యుని నైపుణ్యంతో పాటు బృందం అప్రమత్తతపైనా ఆధారపడి ఉంటుంది. ఇందుకోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల భద్రతా పట్టికను విడుదల చేసింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి తరలించే ముందు బృందం దీనిని బిగ్గరగా సరిచూసుకోవాలి. రోగి పేరు, ఆపరేషన్ చేయాల్సిన భాగం, పడని మందులు, రక్తస్రావ ముప్పు, యాంటీబయాటిక్ ఇచ్చిన సమయం, చివరగా సూదులు, పరికరాల లెక్క ఇందులోని ముఖ్యాంశాలు.

న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీనిని అమలు చేయగా మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇతర సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. అయితే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. గడుల్లో టిక్కులు పెట్టినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. ప్రతి అంశాన్నీ అడిగి నిర్ధారించుకుంటేనే రోగికి రక్షణ.