వెల్డింగు విద్యుత్తు: డైనమో నుండి ఇన్వర్టరు వరకు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించి, తన రేవులలో నిలిచిపోయి ఉన్న జర్మను ఓడలను స్వాధీనం చేసుకొన్నది. కాని అంతకు ముందే వాటి నావికులు పోత ఇనుప సిలిండర్లను పగులగొట్టి యంత్రాలను పాడుచేసినారు. కొత్తవి పోతపోయవలెనంటే చాలా కాలం పడుతుంది. ఇంజనీర్లు విద్యుత్ వెల్డింగుతో అనేక సిలిండర్లను అతికి, కొద్ది నెలలలోనే ఓడలను నడిపించినారు. అవి సైనికులను ఐరోపాకు చేర్చినవి. అంతవరకు చిన్న మరమ్మతులకు పనికివచ్చే ఉపాయంగా ఉండిన వెల్డింగు పెద్ద పరిశ్రమల నమ్మకాన్ని చూరగొన్నది.

ఈ పనికి కావలసిన వేడి విద్యుచ్చాపం నుండి లభిస్తుంది. కర్బన కడ్డీతో చాపాన్ని వెలిగించి లోహాలను అతికే పద్ధతికి 1885లో బెనార్దోస్, ఒల్షెవ్‌స్కీ అనేవారు పేటెంటు పొందినారు. వారు విద్యుత్తును సంచాయక ఘటాల నుండి తీసుకొన్నారు. 1888లో రష్యా ఇంజనీరు స్లావ్యానోవ్ లోహపు కడ్డీనే ఎలక్ట్రోడుగా వాడి, డైనమో నుండి నేరుగా విద్యుత్తు పొందినాడు.

అయితే చాపం సాధారణ తీగ వలె ఓమ్ సూత్రానికి లోబడదు. ప్రవాహం పెరిగినకొద్దీ చాపం నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే ప్రవాహం ఇంకా పెరుగుతుంది. దీనిని అదుపులో ఉంచుటకు మొదట డైనమోకు శ్రేణిలో ఒక నిరోధాన్ని కలిపేవారు. డైనమో 75 వోల్టులు ఇచ్చి, చాపానికి 25 వోల్టులు చాలునంటే, మిగిలిన 50 వోల్టులూ నిరోధంలోనే ఖర్చవుతాయి. అనగా మూడింట రెండు వంతుల శక్తి వృథా. కావున ప్రవాహం పెరిగినప్పుడు వోల్టేజి తనంతట తానే పడిపోయే డైనమోలను నిర్మించినారు.

ట్రాన్స్‌ఫార్మరు ఇంతకంటె చౌక. తిరిగే భాగాలు లేవు, అరుగుదల లేదు. కాని ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో నడిస్తే, చాపం సెకనుకు 100 మార్లు ఆరిపోతుంది. పూత లేని కడ్డీతో అది సరిగా తిరిగి వెలిగేది కాదు. 20వ శతాబ్ది తొలి దశకంలో స్వీడను ఇంజనీరు ఆస్కార్ కెల్‌బెర్గ్ పూత గల ఎలక్ట్రోడులను ప్రవేశపెట్టినాడు. పూతలో పొటాషియం వంటి మూలకాల లవణాలుంటే అవి సులభంగా అయాన్లనిచ్చి చాపాన్ని నిలుపుతాయి. ఇట్లా రసాయన శాస్త్రం ట్రాన్స్‌ఫార్మరుకు దారి తీసినది. 1930 దశకంలో దాని వాడకం విస్తరించినది.

1948లో వాయురక్షణలో తీగను ఎడతెగక అందించే పద్ధతి వచ్చినది. ఇక్కడ కథ తలక్రిందులైనది. తీగ స్థిరవేగంతో వస్తున్నప్పుడు వోల్టేజి పడిపోకుండా ఉండుటే మేలు. చాపం పొడవైతే ప్రవాహం బాగా తగ్గి, తీగ కరగడం మందగించి, చాపం తిరిగి సరియైన పొడవుకు వస్తుంది. పూర్వం దోషమైన స్థిర వోల్టేజి ఇప్పుడు గుణమైనది. క్రమంగా డైనమోల స్థానంలో రెక్టిఫైయర్లు, 1980 దశకంలో ఇన్వర్టర్లు వచ్చినవి. ఇన్వర్టరు ఆవృత్తిని వందల రెట్లు పెంచుతుంది. అందుచే అంతే శక్తికి చిన్న ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది.

ఉత్పత్తి చేసే వర్క్‌షాపు వీటిలో దేనిని ఎన్నుకోవలెను? కడ్డీతో పనియా, తీగతో పనియా అన్నది మొదటి ప్రశ్న. ఎంతసేపు ఆపకుండా పని జరుగుతుందన్నది రెండవది. యంత్రంపై “300 ఆంపియర్లు, 60 శాతం” అని ఉంటే, పది నిమిషాలలో ఆరు నిమిషాలే ఆ ప్రవాహం తీసుకోవచ్చునని అర్థం. వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. కావున ఎడతెగని పనికి 300ను 0.6 వర్గమూలంతో గుణించవలెను. సుమారు 232 ఆంపియర్లు వస్తుంది. పెద్ద అంకెను మాత్రమే చూసి కొన్నవారి యంత్రం పని మధ్యలో వేడెక్కి ఆగిపోతుంది. తరగతిలో నేర్చిన ఒక చిన్న సూత్రం వర్క్‌షాపులో ఆ నష్టాన్ని తప్పించగలదు.