రంగస్థలముపై వెచ్చని వెలుగు

రేడియో నాటకమునకు దీపములతో పని లేదు. అయినను తెర ముందు కూర్చుండి నాటకము చూచిన మనకందరకు దీపకాంతిలోని నటుని ముఖము గుర్తుండును. నూనెదీపపు జ్వాలలో నీలికాంతి స్వల్పము. అందుచేతనే ఆ ముఖమునకు పసిమి వన్నె కలుగుచున్నది. ఆ వన్నెను నాటకశాల పోగొట్టుకొని, మరల సంపాదించుకొన్న కథను నేడు స్మరింతము.

వెలుగునకు రంగు కూర్చుట పాత విద్యయే. ఇటలీ వాస్తుశిల్పి సెర్లియో 1545లో ప్రకటించిన గ్రంథమున, గాజుపాత్రలలో రంగుద్రవములను నింపి వెనుక దీపముంచు పద్ధతిని వివరించెను. మన తోలుబొమ్మలాటలో జరుగునదియు ఇదియే. పలుచగా గీకిన మేకతోలునకు రంగులద్ది, వెనుక ఆముదపు దీపము వెలిగించినచో, ఆ తోలే వెలుగును వడకట్టి తెరపై రంగును నిలుపును.

1881లో లండనులోని సవాయ్ నాటకశాల సుమారు 1,200 విద్యుద్దీపములతో వెలిగెను. ఆ సంవత్సరాంతముననే వియన్నాలోని రింగ్ నాటకశాల గ్యాసుదీపముల వలన అగ్నికి ఆహుతికాగా వందలమంది మరణించిరి. ఇక విద్యుత్తు వలదనువారెవరు? అయినను లైసియం నాటకశాలలో విద్యుత్కాంతి ముఖములపై పడు తీరు చూచి, గ్యాసునే మరల నెలకొల్పుమని ప్రసిద్ధ నటి ఎలెన్ టెర్రీ హెన్రీ ఇర్వింగును వేడుకొనెను. 1902లో ఆ శాలను వీడువరకు వారు గ్యాసునే వాడిరి. ఆమె కోరినది ప్రమాదమును కాదు, మార్దవమును.

ఆ మార్దవమును విద్యుత్తునకు తెచ్చిన సాధనములలో ముఖ్యమైనది రంగు జెలటిన్ రేకు. పశువుల చర్మము, ఎముకల నుండి తీయబడు జెలటిన్ మన తోలుబొమ్మకు దూరపు చుట్టమే! పసుపుపచ్చని రేకు వెలుగునకు రంగును చేర్చదు. నీలికాంతిని మ్రింగి పసిమిని పోనిచ్చును. అనగా రంగు కావలెనన్న కొంత వెలుగును వెలగా చెల్లింపవలెను. వేడికి ఆ రేకు రంగు వెలసి, పెళుసై పగులుచుండెడిది. అందుచే సెల్యులోజ్ అసిటేట్, పిమ్మట పాలియెస్టర్ రేకులు దాని స్థానమున వచ్చినవి. పేరు మాత్రము 'జెల్' అనియే నిలిచినది.

1932లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు మెక్‌కాండ్‌లెస్, నటుని ముఖముపై ఒకవైపు నుండి వెచ్చని వన్నె, వేరొకవైపు నుండి చల్లని వన్నె పడవలెనని ప్రతిపాదించెను. ఛాయాగ్రహణమునందు 5,500 కెల్విన్ పగటివెలుగును 3,200 కెల్విన్ దీపకాంతికి సరిపుచ్చు నారింజరంగు ఫిల్టరునకును సూత్రమొక్కటే.

నేటి ఎల్.ఇ.డి. దీపము రేకుతో పని లేకయే తన రంగును తానే కల్పించుకొనగలదు. అయినను సంధ్యవేళ ఇల్లాలు దీపము వెలిగించు ఘట్టము వచ్చినపుడు, ప్రయోక్త దానిని అడుగునది ఆ పాత నూనెదీపపు పసిమినే.