కిత్తనార కంచె, మార్గరీటా గ్లాసు

పోయిన వేసవిలో డాలస్ నుంచి వచ్చిన మా అక్క కొడుకు దాచేపల్లిలో మా ఇంటి వసారాలో కూర్చుని, "మామయ్యా, ఈ ఎండకు ట్రాపికల్ మార్గరీటా చేసుకుంటే ఎంత బాగుంటుందో!" అన్నాడు. మామిడిపండు, అనాసపండు, నిమ్మరసం, గ్లాసు అంచుకు మిరపపొడి కలిపిన ఉప్పు, ఇవన్నీ మనకు దొరికేవే. దొరకనిది, దొరికినా గడప దాటి లోపలికి రానిది టెకీలా ఒక్కటే. 1993 నుంచి మా ఇంట్లోకి మద్యం సీసా రాలేదు. అది మా అమ్మ పెట్టిన కట్టడి.

అమ్మను ఒప్పించేందుకు వాడు నన్ను వకీలుగా పెట్టుకున్నాడు. ఆ వంకన నేను ఈ పానీయపు చరిత్రలోకి దిగాను.

టెకీలా, నారింజ మద్యం, నిమ్మరసం, అంచుకు ఉప్పు, ఇదీ మార్గరీటా మూలరూపం. దీన్ని మొదట కలిపింది తామేనని చెప్పుకున్నవారు చాలామంది ఉన్నారు. ఎస్క్వైర్ పత్రిక మాత్రం 1953 డిసెంబరు సంచికలో దీన్ని అచ్చువేసింది. 1971లో డాలస్‌లో మరియానో మార్టినెజ్ అనే హోటలు యజమాని ఐస్‌క్రీము యంత్రాన్ని మార్చి, మంచుముద్దలాంటి మార్గరీటాను ధారగా పోసే యంత్రం తయారుచేశాడు. 2005లో ఆ యంత్రం స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. కనుక మావాడికి అది ఒకరకంగా స్వస్థలపు పానీయమే.

నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి. టెకీలా తీసే నీలి అగేవ్ మా చేల గట్ల మీది కిత్తనారకు దాయాది. చిన్నప్పుడు మేము దాని మట్టల మీద ముల్లుతో పేర్లు చెక్కేవాళ్ళం. పెద్దవాళ్ళు మట్టలు కోసి, నీటిలో నానవేసి, చితక్కొట్టి, నార తీసి పగ్గాలు పేనేవారు. ఆ మొక్కకు పుట్టిల్లు మెక్సికో. పక్కనే పెరిగే నాగజెముడు కూడా అమెరికా ఖండాలదే. మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో మన తీరానికి చేర్చారు. అంతకుముందు మన కారమంతా మిరియాలదే. నేడు మా చేలలో పండే పత్తి సైతం మెక్సికో ప్రాంతపు జాతికి చెందినదే. పల్నాటి పొలాన్ని గట్టు నుంచి గట్టు దాకా చూస్తే సగం మెక్సికో కనిపిస్తుంది.

ఇక ఇటునుంచి అటు వెళ్ళినవి చూద్దాం. 'మెక్సికో నిమ్మ' అని లోకం పిలిచేది మన కాగ్జీ నిమ్మనే. ఆసియాలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్‌కు, అక్కడి నుంచి మెక్సికోకు చేరింది. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌కూ మెక్సికోకూ నడుమ తిరిగిన స్పానిష్ ఓడలు మామిడిని మోసుకుపోయాయి. అక్కడ ఒక రకానికి నేటికీ మనీలా అనే పేరు.

మెక్సికోవారు అంతకు చాలాకాలం ముందునుంచే అగేవ్ పూతకాడ వేయబోయే వేళకు మొక్క గర్భాన్ని తొలిచి, అందులో ఊరిన తీపినీటిని పులియబెట్టి 'పుల్కే' తాగేవారు. మన గీతకార్మికుడు తాటిగెల కోసి కల్లు దించే పనికి అది తోబుట్టువు. ఓడల మీద వెళ్ళి కొలీమా తీరంలో స్థిరపడిన ఫిలిప్పీన్స్ నావికులు కొబ్బరికల్లును బట్టీపెట్టి సారా కాచారు. ఆ పద్ధతినే అగేవ్‌కు వాడడంతో టెకీలా వంటివి పుట్టాయని కొందరు పరిశోధకుల వాదన. అదే నిజమైతే ఆ సీసాలో ఆసియా కల్లుబట్టీ వాసన కూడా ఉన్నట్టే.

మన నేల మీద కూడా ఆ పని జరిగింది. డెస్మండ్ నజరెత్ అనే ఆయన దక్కను పీఠభూమిలో దానంతట అది పెరిగే అగేవ్ సేకరించి, చిత్తూరు జిల్లాలో బట్టీ పెట్టి, ఆ మద్యాన్ని 2011లో గోవాలో విడుదల చేశారు. టెకీలా అనే పేరు మెక్సికోదే కనుక దాన్ని అగేవ్ మద్యం అనే పిలిచారు.

ఇదంతా అమ్మకు విన్నవించాను. "ఇది పరాయి పానీయం కాదమ్మా. సగం మన సరుకే, సగం మన చెయ్యే" అన్నాను.

అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ అంతా విన్నది. "సారా మాత్రం ఎక్కడిదిరా? మన ఊరిదేగా" అన్నది.

నా వాదం అక్కడితో ముగిసింది. కల్లంలో మిరప ఆరుతుండగానే దాని సొమ్ము సారా పాటదారు పద్దులో జమ అయిపోయిన సంవత్సరాలు మా ఇంట్లోనూ ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించిన కబురు వచ్చిన రోజు అమ్మ దాన్ని ముగ్గురికి చెప్పి వచ్చింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ప్రభుత్వం సడలించినా అమ్మ సడలించలేదు. ఏ సరుకు ఏ ఖండం నుంచి వచ్చిందో నేను లెక్క తీశాను. దాని ఖరీదు ఎవరు కట్టారన్నది అమ్మ లెక్క. ఆ రెండో పద్దును నేను చదివిన పుస్తకాలలో చూడలేదు.

చివరికి ఇంట్లో ఉన్నవాటితోనే చేశాము. 2 రసాల మామిడిపళ్ళ గుజ్జు, 3 నిమ్మకాయల రసం, ఒక బత్తాయి రసం, చిదిమిన తాటిముంజలు, దంచిన ఐసు. స్టీలు గ్లాసుల అంచులకు నిమ్మచెక్క రుద్ది, చినగంజాం ఉప్పులో మిరపపొడి కలిపి అద్దాము. అమ్మ ఒక గ్లాసు పూర్తిగా తాగి, "ఉప్పు కాస్త తగ్గించాల్సింది" అన్నది.

మర్నాడు మావాడు కిత్తనార చూపించమన్నాడు. మా గట్ల మీద ఇప్పుడంతా ముళ్ళతీగే. నడికుడి వైపు పోతే ఒక్క పొద కనిపించింది, పూతకాడ వేసి ఉంది. జీవితంలో ఒక్కసారే పూసి ఎండిపోయే మొక్క అది. మొదట్లో పిలకలు ఉన్నాయేమోనని ఇద్దరం వంగి చూశాము. నాలుగు ఉన్నాయి. ఒకటి తెచ్చి పెరట్లో నాటాము. అమ్మ అభ్యంతరం చెప్పలేదు.